మీ గొట్టం, మా బాధ్యత

రాళ్ళగెడ్డ పురపాలక సంఘం పరిధిలో పిండిమర తవిటయ్య అనే మనిషి తన ఇంటి మురుగు గొట్టాన్ని తానే మార్చుకున్నాడు. ఆ ఊళ్ళో అంతకుముందు దొంగతనాలు జరిగాయి, పోరంబోకు భూములకు పట్టాలు పుట్టాయి, ఒక కల్వర్టు కట్టకుండానే కూలిపోయింది కూడా. వాటన్నిటితోనూ పురపాలక సంఘం ఎలాగో సర్దుకుపోయింది. గొట్టం విషయంలో మాత్రం సర్దుకోలేకపోయింది.

అసలు తప్పు తవిటయ్యదే. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి కావడం వల్ల, మైకులో చెప్పిన మాట నమ్మాడు.

ఆ ఏడాది పైనుంచి ఒక పోటీ దిగింది. ఏ పట్టణంలో జనం ఫిర్యాదులు నూటికి నూరూ పరిష్కారం అవుతాయో ఆ పట్టణానికి ఒక షీల్డు, దాని కమిషనరుకు పెద్ద ఊరికి బదిలీ. రాళ్ళగెడ్డ కమిషనరు గారికి రాళ్ళగెడ్డ నీళ్ళు పడలేదు, గాలి పడలేదు, మనుషులు అసలే పడలేదు. అందుచేత ఆయన ఉత్సాహం కట్టలు తెంచుకుంది. ఊళ్ళో ఉన్న ఫిర్యాదులు సరిపోవని, కొత్త ఫిర్యాదులు పుట్టించి మరీ పరిష్కరించాలని తీర్మానించి, "మీ గొట్టం, మా బాధ్యత" అనే కార్యక్రమం మొదలుపెట్టారు. ఇంటి లోపలి మురుగు గొట్టం పగిలినా సరే, గృహస్థుడు వేలు పెట్టనక్కరలేదు. ఒక్క ఫోను చేస్తే సిబ్బంది వచ్చి మార్చేస్తారు. పొద్దున్నే ఆటోలు మైకులు కట్టుకుని వీధివీధీ తిరిగాయి. బడిపిల్లల చేత చేతులు చాపించి గొట్టం ప్రతిజ్ఞ చేయించారు. మహిళా సంఘాల వాళ్ళ చేత గొట్టం ఆకారంలో ముగ్గులు వేయించి, వంపు బాగా వచ్చిన ముగ్గుకు ప్రెషరు కుక్కరు ఇచ్చారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే తవిటయ్య గొట్టం పగిలింది.

తవిటయ్యది ముందు పిండిమర, వెనక ఇల్లు. ఇంట్లో వంటగది నీళ్ళూ, స్నానాల నీళ్ళూ ఒక పాత పోత ఇనుప గొట్టంలోంచి, మర పక్కగోడ వెంబడే వీధి కాలవలోకి పోతాయి. గోడకు ఇవతల మర. అవతల సూరీడమ్మ అనే అప్పడాలావిడ వాకిలి. గొట్టం ఆవిడ వాకిలి వైపే ఉంది. గోడేమో తాత కట్టించినది, ఇటుకల మధ్య సిమెంటు లేదు, ఒట్టి మట్టి అడుసు. మర కప్పు దూలాలన్నీ దాని మీదే కూర్చున్నాయి. ఆ గోడ ఒరిగితే కప్పు దిగుతుంది, కప్పు దిగితే మర పోతుంది. మర ఆడించడం తప్ప తవిటయ్యకు చేతనైన పని మరొకటి లేదు.

గొట్టం నడిమధ్య పగిలి నీళ్ళు గోడ మొదట్లోకి దిగుతున్నాయని మొదట చూసింది సూరీడమ్మే.

"అన్నయ్యా, మీ పప్పు కడుగు నీల్లు నా అప్పడాల మీదకొస్తన్నాయి. రుసి మారిపోతాది," అందావిడ గోడ మీంచి.

"మారితే మంచిదే కదే, సూరీడూ. ఇన్నాల్లూ ఆ రుసితోనే తింటన్నాం," అన్నాడు తవిటయ్య. అని, మైకులో చెప్పిన నంబరుకు ఫోను చేశాడు. ఒక ఆడగొంతు ఆయన్ను చాలా మర్యాదగా పలకరించి, నీళ్ళు చుక్కలుగా పడుతున్నాయా, ధారగా పడుతున్నాయా అని అడిగింది. తవిటయ్య గొప్పకు పోయి "దారండి, మంచి దార" అన్నాడు. ఫిర్యాదు నమోదయిందనీ, నిశ్చింతగా నిద్రపొమ్మనీ చెప్పింది.

తవిటయ్య నిద్రపోయాడు. పురపాలక సంఘం కూడా నిద్రపోయింది. గోడ ఒక్కటే మేలుకుని నీళ్ళు తాగుతూ ఉండిపోయింది.

వారాలు గడిచాక ఒకనాడు ఆయన వేలు పెట్టి గోడను గీకి చూస్తే, ఇటుకల సందుల్లోంచి మట్టి హల్వాలా ఊడి వచ్చింది. ఆ వేలు చూసుకున్నాక ఆయన ఇంకెవరికీ ఫోను చేయలేదు. ఆదివారం మర కట్టేసి, సైకిలుకు అడ్డంగా ప్లాస్టిక్ గొట్టం కట్టుకుని వచ్చాడు. ఇంట్లో ఎవరూ చెంబుడు నీళ్ళు కూడా ఒంపకూడదని ఆర్డరు వేశాడు. తుప్పు పట్టిన పాత గొట్టాన్ని ఉలితో కొట్టి, తిట్టి, మళ్ళీ కొట్టి ఊడదీశాడు. కొత్తదాన్ని గోడ వారగా పట్టి చూసుకుని, రంపంతో కోశాడు. కోశాక చూస్తే జానెడు తక్కువ.

భార్య పారమ్మ అరుగు మీద కూర్చుని అంతా చూస్తోంది. "కొలిసి కొయ్యాలని నీకెవులూ సెప్పనేదేటి?"

"సెప్పినారు. అప్పటికే కోసీసినాను."

"పెల్లప్పుడు పంచా అలగే కొన్నావు. మోకాల్ల మీదకొచ్చింది."

తవిటయ్య మళ్ళీ సైకిలెక్కి, అతుకు ముక్క ఒకటి తెచ్చి, గరుకు కాగితంతో కొసలు రుద్ది, గమ్ము పూసి, మెలిపెట్టి బిగించాడు. వీధి వైపు కాస్త వాటం ఉండేలా గోడకు బిళ్ళలు కొట్టి గొట్టాన్ని పట్టించాడు. గమ్ము ఆరేవరకు దాని పక్కనే బాలింత దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నాడు. తర్వాత పారమ్మ బక్కెటుడు నీళ్ళు వంటింట్లోంచి గుమ్మరించింది. అవి గలగలా పోయి వీధి కాలవలో పడ్డాయి. గోడ మొదట్లో ఒక్క చుక్క పడలేదు. తవిటయ్య తన జీవితంలో ఒక చుట్టను అంత తృప్తిగా ఎన్నడూ కాల్చలేదు.

చుట్ట తృప్తి ఎన్నాళ్ళో నిలవలేదు. ఒకరోజు ఆయన కారం ఆడుతుండగా వార్డు సౌకర్యాల కార్యదర్శి ధనుంజయరావు లోపలికి వచ్చాడు. ముప్పయ్యేళ్ళ మనిషి, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫోను. వస్తూనే ఏడెనిమిది తుమ్ములు తుమ్మి, కళ్ళు తుడుచుకుని అన్నాడు.

"ఇక్కడ గొట్టం ఎవరండీ మార్చింది?"

"నానే, బాబూ."

"ఎవరి అనుమతితో?"

"మా ఆడదాని అనుమతితో."

"తమాషా కాదండి. ఊళ్ళో ఫిర్యాదులన్నీ పరిష్కారం అయిపోయాయి. మీదొక్కటే మిగిలింది. కమిషనరు గారికి అన్నం సయించడం లేదు."

"మరింకేటి? నాదీ అయిపోనాది కదా. రాసీసుకోండి."

ధనుంజయరావు జాలిగా చూశాడు. "రాసుకోవడం కాదండి, ఫోటోలు ఎక్కించాలి. మూడు ఉండాలి. ముందు ఫోటోలో సమస్య కనపడాలి. మధ్య ఫోటోలో మా సిబ్బంది కనపడాలి. తర్వాత ఫోటోలో మీ సంతోషం కనపడాలి. మూడూ ఒకే చోట నిలబడి తియ్యాలి."

"సంతోసం ఇప్పుడున్నాది. తీసుకోండి."

"మొదటి రెండూ ఎక్కకుండా మూడోది ఫోను తీసుకోదండి."

"పాత గొట్టం పెరట్లో పడీసున్నాది. దాని ఫోటో తీసుకోండి."

"పెరట్లో పడున్న గొట్టం సమస్య కాదు కదండీ, పాత సామాను. గోడ మీద ఉండాలి. నీళ్ళు కారుతూ ఉండాలి."

తవిటయ్యకు విసుగొచ్చింది. "ఐతే ఆ ఫిర్యాదు నాను ఎనక్కి తీసీసుకుంటాను."

"తీసుకోవచ్చు. దానికి ఫోనులో ఒక్కటే కారణం పెట్టారు, తప్పుడు ఫిర్యాదు అని. అది నొక్కితే మీ మర లైసెన్సు రద్దవుతుంది," అన్నాడు ధనుంజయరావు. ఇంకో తుమ్ము తుమ్మి, కమిషనరు గారు రమ్మంటున్నారని చెప్పి వెళ్ళిపోయాడు.

కమిషనరు గారి గదిలో ఏసీ ఉంది, గోడ మీద పోటీ తాలూకు చార్టు ఉంది. చార్టు అంతా పచ్చగా ఉండి, ఒక మూల మాత్రం ఎర్ర చుక్క ఉంది. ఆ చుక్కే తవిటయ్య. కమిషనరు గారు తవిటయ్యకేసి చూడకుండా, చుక్కకేసే చూస్తూ మాట్లాడారు.

"తవిటయ్య గారూ, మీరు మార్చింది గొట్టం అనుకుంటున్నారు. కాదు. పౌరుడికీ పాలనా యంత్రాంగానికీ మధ్య గల విశ్వాస బంధాన్ని మీరు రంపంతో కోశారు."

"జానెడు తక్కువ కోసినానండి, నిజమే. అతుకేసీసినాను."

"స్వయంకృత మరమ్మతు పౌర భాగస్వామ్యం కిందకు రాదు. భాగస్వామ్యం అనగా మేము చేయునప్పుడు మీరు నిలబడి చూచుట. మీకు ఓపిక లేకపోవుట అనేది వ్యవస్థ మీద అవిశ్వాస తీర్మానంతో సమానం."

"గోడ నానిపోతందండి. దాని మీదే మర కప్పున్నాది."

"గోడ గురించి మీరు ఫిర్యాదు చేశారా?"

"నేదండి."

"అయితే గోడకు ఏ సమస్యా లేదు. మనం వాస్తవాలకు కట్టుబడి మాట్లాడుకుందాం," అన్నారు కమిషనరు గారు. పక్కనున్న గుమస్తా చేత ఒక ఉత్తర్వు టైపు చేయించారు. దాని సారాంశం ఏమంటే, ఫిర్యాదు నాడు ఏ లీకేజీ ఉన్నదో అదే లీకేజీని, అదే స్థలంలో, అదే పరిమాణంలో, సొంత ఖర్చులతో తవిటయ్య పునరుద్ధరించవలెను. లేనిచో ఫిర్యాదు తప్పుడుదిగా భావించి మర మూయబడును.

తవిటయ్య దారి పొడుగునా ఆలోచించుకున్నాడు. ఒక్క ఫోటోకే కదా, ఎంతసేపు పడుతుంది, తీయించుకుని మళ్ళీ మన గొట్టం మనం పెట్టేసుకుందాం అనుకున్నాడు. అధికారుల దగ్గర ఒక్కసారికే కదా అనుకున్నవాడు ఎవడూ బాగుపడలేదని ఆయనకు తెలియదు. మంచి గొట్టాన్ని జాగ్రత్తగా ఊడదీసి మూల నిలబెట్టి, పెరట్లోంచి పగిలిన గొట్టాన్ని మోసుకొచ్చి గోడకు కట్టాడు.

పారమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఆదివారం బాగు సేసి బేస్తవారం పాడు సేస్తన్నావు. మన ఇంట్లోనే ఓ మునిసిపాలిటీ పెట్టుకోరాదా."

మర్నాడు ఇంజనీరు గారు, ధనుంజయరావు, మరికొందరు సూరీడమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. ఇంట్లోంచి నీళ్ళు వదిలారు. పగుల్లోకి ఇన్నాళ్ళలో తుప్పూ, మట్టీ చేరి కూర్చున్నాయి. ఒక చుక్క పడింది. కొంచెం ఆలోచించుకుని ఇంకో చుక్క పడింది.

ఇంజనీరు గారు ముఖం చిట్లించారు. "ఇది చుక్కల లీకేజీ. ఫిర్యాదులో ధార అని ఉంది. ఈ లీకేజీకీ ఆ ఫిర్యాదుకీ సంబంధం లేదు."

"అప్పుడు దారే పడీదండి. ఇదిగో, ఈ సూరీడమ్మనడగండి."

"నా అప్పడాలకి తెలుసు," అంది సూరీడమ్మ.

"సాక్ష్యం చెల్లదు. ధార కనపడాలి," అన్నారు ఇంజనీరు గారు. సిబ్బందిలో ఒకణ్ణి పిలిచి సుత్తి ఇచ్చారు. "పగులు ప్రమాణాల మేరకు విస్తరించు" అన్నారు. వాడు రెండు దెబ్బలు వేశాడు. గొట్టం సగానికి నోరు తెరిచింది. నీళ్ళు భళ్ళున వచ్చి గోడ మొదట్లో పడ్డాయి. అందరూ సంతృప్తిగా తలలు ఊపారు. ధనుంజయరావు ముందు ఫోటో తీశాడు. ఫోనులో మొదటి గడి పచ్చబడింది.

"అయిపోనాదాండి? ఇంక నా గొట్టం నాను పెట్టీసుకుంటాను," అంటూ తవిటయ్య ముందుకు వంగాడు. ఇంజనీరు గారు ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు.

"ముట్టుకోకండి. ఫోటో ఎక్కిన క్షణం నుంచి ఈ లీకేజీ ప్రభుత్వ ఆస్తి."

సాయంత్రానికి గొట్టం పక్కన ఒక బోర్డు నాటారు. ఈ లీకేజీ రాళ్ళగెడ్డ పురపాలక సంఘం వారిది, దీనిని ఆపినవారు శిక్షార్హులు అని దాని మీద ఉంది. ఆపే అధికారం ఉన్న కాంట్రాక్టరును పిలవడానికి అంచనాలు వేయాలి, అంచనాలు జిల్లాకు వెళ్ళాలి, జిల్లా నుంచి తిరిగి రావాలి. ఈలోగా పైనుంచి తనిఖీ ఎప్పుడైనా రావచ్చు. వచ్చినప్పుడు లీకేజీ సజీవంగా ఉండాలి. మధ్యాహ్నం పూట తవిటయ్య ఇంట్లో నీళ్ళ వాడకం ఉండదు కాబట్టి లీకేజీ ఎండిపోతోందని ధనుంజయరావు నివేదిక పంపాడు. కమిషనరు గారు కంగారుపడి, మర్నాటి నుంచి ఒక ట్యాంకరును వీధిలో నిలబెట్టి, దాని గొట్టాన్ని తెచ్చి తవిటయ్య గొట్టంలో దూర్చారు.

రాళ్ళగెడ్డలో కుళాయిలు రెండు రోజులకొకసారి వస్తాయి, వచ్చినప్పుడు దగ్గుతాయి. తవిటయ్య లీకేజీకి మాత్రం రేయింబవళ్ళు సరఫరా. ఊళ్ళో మరెక్కడా అంత నమ్మకంగా నీళ్ళు కారవని తెలిసి, ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని వచ్చారు. అంట్లకైనా పనికొస్తాయి కదా అని వరస కట్టారు. ఇంజనీరు గారు పరుగున వచ్చి బిందెలు తీయించారు. లీకేజీ నేల మీద పడితేనే లీకేజీ అనీ, బిందెలో పడితే అది నీటి సరఫరా కిందకు వస్తుందనీ, దానికి వేరే శాఖ ఉందనీ వివరించారు.

"నేల మీద పడితే మీది, బిందిలో పడితే ఇంకోల్లది. ఐతే మాదేటి, బాబూ?" అని అడిగింది సూరీడమ్మ.

"మీది సహకారం, అమ్మా," అన్నారు ఇంజనీరు గారు.

ఇరుగుపొరుగు పట్టణాల వాళ్ళు ఈ సంగతి విని చూడ్డానికి రావడం మొదలుపెట్టారు. శాస్త్రీయంగా నిర్వహించబడుతున్న లీకేజీ జిల్లాలో ఇదొక్కటే. సూరీడమ్మ వాకిట్లో షామియానా వేసి, కుర్చీలు వేసి, కమిషనరు గారు ఉపన్యాసం ఇచ్చారు. పరిష్కారానికి సమస్య పునాది అనీ, పునాదిని నిర్లక్ష్యం చేసిన ఏ పరిష్కారమూ నిలబడదనీ ఆయన అంటూ ఉంటే, ఆయన వెనక ఒక ఇటుక ఊడి బురదలో పడింది. చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. తవిటయ్యకు వినపడింది.

ఆయన ఆఫీసుకు పరుగెత్తాడు. "బాబూ, గోడ పడిపోతాది. మీ లీకేజీ మీరే ఉంచుకోండి గానీ, రెండడుగులు పక్కకి జరపండి. పోనీ, గోడ మీద ఇంకో ఫిర్యాదు రాసుకోండి."

కమిషనరు గారు కుర్చీలోంచి లేచిపోయారు. ఉన్న ఒక్క ఎర్ర చుక్కకే అన్నం మానేసిన మనిషి. ఆయన మొదటిసారి తవిటయ్య ముఖంలోకి చూసి, భుజం మీద చెయ్యి వేశారు. "తవిటయ్య గారూ, మీరు మా ఆదర్శ ఫిర్యాదీ. మీలాంటివారు తొందరపడకూడదు. గోడ అంశం పోటీ ముగిశాక, వచ్చే ఆర్థిక సంవత్సరంలో సానుభూతితో పరిశీలించబడుతుంది."

"గోడకి ఆర్దిక సంవత్సరం తెల్దు కదండి."

"మనం తెలియజేద్దాం," అన్నారు కమిషనరు గారు.

తవిటయ్య ఇంటికి వచ్చి నాలుగు సరుగుడు రాటలు తెచ్చి, సూరీడమ్మ వాకిట్లోంచి గోడకు ఏటవాలుగా ఊతం పెట్టాడు. పారమ్మ ఒక చివర పట్టుకుంది. "ఇది పడిపోతే మనమేటి తింటాం?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న మాత్రం ఆవిడ వేళాకోళంగా అడగలేదు. తవిటయ్య రాటలు ఇంకాస్త బిగించాడు. గోడ వాటి మీద చేరగిలబడి, ముసలాయన కర్ర మీద నిలబడ్డట్టు నిలబడింది.

అలా కొన్నాళ్ళు నిలబడింది కూడా. చివరికి జిల్లా నుంచి అనుమతి వచ్చింది. పోటీ గడువు ఇంకా రెండు రోజులుందనగా కాంట్రాక్టరు తన మనుషులతో దిగాడు. వాళ్ళందరికీ కొత్త చేతి తొడుగులు, తల మీద పసుపుపచ్చ టోపీలు, వీపు మీద "మీ గొట్టం, మా బాధ్యత" అని అచ్చు వేసిన చొక్కాలు. గొట్టం తేవడం మాత్రం మరిచిపోయారు. మూల నిలబెట్టి ఉన్న తవిటయ్య గొట్టాన్నే తెచ్చి నలుగురూ నాలుగు చోట్ల పట్టుకుని మధ్య ఫోటోకు నిలబడ్డారు. కమిషనరు గారు ఎడమ పక్క, ఇంజనీరు గారు కుడి పక్క. ఆదర్శ ఫిర్యాదీ కూడా ఉండాలని మర కట్టేయించి తవిటయ్యనూ పిలిపించారు.

ధనుంజయరావు ఫోను కళ్ళకు పెట్టుకుని, దింపి, మళ్ళీ పెట్టుకున్నాడు. "సార్, ముందు ఫోటోలో ఈ రాటలు లేవండి. ఇప్పుడుంటే స్థలం మారిందని ఫోను ఒప్పుకోదేమో."

"తీయించండి," అన్నారు కమిషనరు గారు.

"బాబూ, వొద్దు. అవి తీస్తే గోడుండదు," అన్నాడు తవిటయ్య.

"ఒక్క క్షణమే కదండీ. మళ్ళీ పెట్టేసుకుందురుగాని."

"ముందూ అలగే అనుకున్నాను."

"తవిటయ్య గారూ, మీరు ఫ్రేములోకి రండి."

ఆయన ఫ్రేములోకి వెళ్ళలేదు. రాటల దగ్గరకు వెళ్ళి ఒకదాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. సిబ్బంది ఆయన్ను దెబ్బ తగలకుండా, చాలా మర్యాదగా ఎత్తి, కమిషనరు గారి పక్కన దింపారు. రాటలు తీశారు. ధనుంజయరావు ఫోటో తీశాడు.

గోడ పెద్ద చప్పుడేమీ చేయలేదు. అన్నాళ్ళు నానిన గోడ గనక, చెమ్మెక్కిన బెల్లం ముద్దలా ఉన్నచోటే కూర్చుండిపోయింది. చప్పుడు చేసింది కప్పు. దూలాలు ఒకదాని వెనక ఒకటి జారి, పెంకులు మోటారు మీద గంప బోర్లించినట్టు పడ్డాయి. పిండీ, కారం కలిసిన ధూళి లేచి అందర్నీ ముంచేసింది. తుమ్ములు తగ్గి, మనుషులు కనపడడం మొదలయ్యాక, అందరికీ కాళ్ళూ చేతులూ ఉన్నాయని తేలింది. తవిటయ్య మర ఉన్న చోటుకేసి చూస్తూ నిలబడిపోయాడు. తిరగలి చక్రం అంచు ఒక్కటే మట్టిలోంచి పైకి కనపడుతోంది.

అందరికంటే ముందు నోరు విప్పింది కమిషనరు గారు.

"మధ్య ఫోటో పడిందా?"

"పడిందండి," అన్నాడు ధనుంజయరావు. "గోడ పడే ముందే పడింది."

కమిషనరు గారు ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఇంకా ఒక ఫోటో ఉంది. అది కూడా అదే చోట, అదే గోడ మీద ఉండాలి. గడువు ఎల్లుండి. గోడ కట్టాలంటే అంచనాలు, జిల్లా, మళ్ళీ మొదటికి. అధికారులందరూ షామియానా కింద కూర్చుని చర్చించారు. ఉపాయం ఎవరికి తట్టిందో గానీ, మర్నాడు పొద్దున్నే ఒక ఆటో మీద గోడ వచ్చింది.

అది ఫ్లెక్సీ గోడ. ముందు ఫోటోను పెద్దది చేసి, ఇటుకలు ఇటుకలంతేసి ఉండేలా అచ్చు వేయించారు. వెదురుబొంగులు పాతి దాన్ని కడుతుంటే చూశారు, పైన ఎడమ మూల కమిషనరు గారు నక్షత్రాల మధ్య రెండు చేతులూ జోడించి నవ్వుతున్నారు. కింద జన్మదిన శుభాకాంక్షలు అని ఉంది. ఫ్లెక్సీల దుకాణం వాడికి అలవాటు. ఎవరు ఏది వేయమన్నా అవి రెండూ తనకు తానే వేసేస్తాడు, అడిగి చెప్పించుకునేదాకా ఆగడు.

"తీసెయ్యమనండి," అన్నారు ఇంజనీరు గారు.

కమిషనరు గారు కాసేపు తన బొమ్మకేసి చూసుకున్నారు. "మడిచి కట్టండి. చింపవద్దు," అన్నారు.

మూల మడిచి కట్టారు. పగిలిన గొట్టం బొమ్మను కప్పేస్తూ తవిటయ్య గొట్టాన్ని దాని ముందు పట్టుకుని, ఇద్దరు మనుషులు ఫ్రేముకు ఇవతలా అవతలా దాక్కున్నారు. గాలి వేసినప్పుడల్లా గోడ ఊపిరి తీసుకుంటోంది. ఆదర్శ ఫిర్యాదీని తెచ్చి ముందు నిలబెట్టారు.

"నవ్వండి," అన్నాడు ధనుంజయరావు.

తవిటయ్య నవ్వలేదు.

"నవ్వు కనపడకపోతే ఫోను తీసుకోదండి. ముఖం చూసి అదే కనిపెట్టేస్తుంది."

"నవ్వితే గోడ కట్టుకోనిస్తారా?"

"ముందు నవ్వండి, తర్వాత చూద్దాం," అన్నారు కమిషనరు గారు.

తవిటయ్య మట్టిలో కూరుకుపోయిన తన మరను ఒకసారి చూసుకుని, ఫోను వైపు తిరిగి పళ్ళు బయటపెట్టాడు. ఫోను దాన్ని సంతోషంగానే లెక్కవేసింది. మూడో గడి పచ్చబడింది. చార్టు మీద ఎర్ర చుక్క మాయమైంది. రాళ్ళగెడ్డ నూటికి నూరు పట్టణం అయింది.

బహుమతుల హడావుడి తగ్గాక తవిటయ్య గోడ కట్టుకోవడానికి అనుమతి కావాలని వెళ్ళాడు. ఇంజనీరు గారు కంప్యూటరులో మూడు ఫోటోలూ తీసి చూపించారు.

"చూడండి. ముందు గోడ ఉంది. మధ్యలో గోడ ఉంది. తర్వాత కూడా గోడ ఉంది. దాని ముందు మీరు సంతోషంగా ఉన్నారు. ఉన్న గోడ స్థానంలో ఇంకో గోడ కట్టడం ఆక్రమణ కిందకు వస్తుంది."

"అది బట్ట గోడండి."

"రికార్డులో బట్ట అని లేదు," అన్నారు ఇంజనీరు గారు.

తవిటయ్య ఇంటికి వస్తూ దారిలో తాపీ ఒకటి కొనుక్కున్నాడు. మట్టిలోంచి ఇటుకలు ఏరి, గీకి, కడిగి, పారమ్మా తనూ ఒక పక్కన పేర్చుకున్నారు. ఫ్లెక్సీని సూరీడమ్మ విప్పుకుపోయి తన వాకిట్లో నేల మీద పరిచింది. అచ్చు వేసిన ఇటుకల మీద వరసలు వరసలుగా అప్పడాలు ఆరేసింది. మడత విప్పిన మూల కమిషనరు గారి ముఖం మీద కూడా ఒక అప్పడం పడింది. "నిండుగా ఎండ తగిలేది అక్కడే, అన్నయ్యా," అందావిడ.

తవిటయ్య రెండో వరస ఇటుకలు పేరుస్తుండగా ధనుంజయరావు సూరీడమ్మ వాకిట్లోకి వచ్చాడు. కమిషనరు గారికి పెద్ద ఊరికి బదిలీ అయిందట. పోయేముందు ఆదర్శ ఫిర్యాదీ చేత సంతృప్తి పత్రం మీద సంతకం పెట్టించుకురమ్మన్నారట. ధనుంజయరావుకూ తవిటయ్యకూ మధ్య మోకాలెత్తు కూడా లేని రెండు వరసల ఇటుకలు తప్ప ఏమీ లేవు.

"ఏం కడుతున్నారండీ?" అన్నాడు ధనుంజయరావు, గొంతు తగ్గించి.

"కట్టడమేటి, బాబూ. గోడుంది కదా. సున్నమేసుకుంటన్నాను."

ధనుంజయరావు ఫోను తీసి మూడో ఫోటో చూశాడు. తల ఎత్తి ఖాళీ కేసి చూశాడు. మళ్ళీ ఫోను చూశాడు. అతని ముఖంలో భారం దిగిపోయినట్టయింది.

"సున్నానికి అనుమతి అక్కర్లేదు లెండి," అన్నాడు.

"ఆ కాయితమేదో ఇలా ఇచ్చీండి, సంతకం పెట్టీస్తాను," అని తవిటయ్య తాపీ కింద పెట్టి, ఇటుకల మీంచి చెయ్యి చాపాడు.

ధనుంజయరావు ఆ చేతి కేసి చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. "మధ్యలో గోడ ఉంది కదండీ," అన్నాడు. కాగితం చంకలో పెట్టుకుని, సూరీడమ్మ వాకిలి దాటి, వీధిలోకి నడిచి, సందు చుట్టూ తిరిగి, తవిటయ్య వీధి గుమ్మంలోంచి లోపలికి వచ్చి సంతకం పెట్టించుకున్నాడు. పెట్టించుకుని, వచ్చిన దారినే, చుట్టూ తిరిగి వెళ్ళిపోయాడు.